గుక్క తిప్పుకోకుండా

ఆ పొద్దున ఇంట్లో గొడవ దిండు దగ్గర మొదలైంది.

ఇంట్లో ఉన్నవి అయిదు దిళ్ళు. వాటిలో మూడు చిలకమ్మ వీపు కిందికి వెళ్ళిపోయాయి. ఒకటి కూతురిది. మిగిలిన ఒక్కటీ ముందురోజు సాయంత్రం పెట్టెతో సహా దిగిన ఆడపడుచుకి ఇచ్చారు. ఇంటాయనకి చుట్టచుట్టిన దుప్పటి దక్కింది.

"మెడ పట్టేసింది," అన్నాడాయన వంటింటి గుమ్మంలో నిలబడి, మెడకి బదులు మొత్తం మనిషి తిరుగుతూ. "దుప్పటిని దిండనుకోమని నాకు చెప్పారు గానీ మెడకి ఎవరూ చెప్పలేదు."

"వస్తూ వస్తూ ఒకటి కొనుక్కురండని పదిరోజుల నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా," అంది చిలకమ్మ.

"అయిదుండగా ఆరోది దేనికి?"

"అయిదుండగా మీ తల కింద ఒక్కటీ లేదెందుకు మరి?"

"నాది తీసుకోరా," అంది ఆడపడుచు టీ గ్లాసు కింద పెట్టి. ఆవిడ ఆయనకి అక్క, ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. "మా హాస్టల్లో పిల్లలు చెప్పుల మీద తలపెట్టుకుని కూడా గుర్రుపెట్టేవాళ్ళు."

"నువ్వూరుకో అక్కా. నేనడిగేది వేరే. ఒక్క మనిషికి మూడు దిళ్ళేమిటి? పడుకోడానికా, పట్టాభిషేకానికా?"

అన్నాక ఆయనే నాలిక్కరుచుకున్నాడు. ఆడపడుచు గ్లాసులోకి చూసింది. కూతురు లోపల్నుంచి "నాన్నా" అని ఒక్క మాట అని ఊరుకుంది.

మూడు దిళ్ళు ఎందుకో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వెల్లకిలా పడుకుంటే చిలకమ్మకి ఎవరో తల పట్టుకుని నీళ్ళల్లో ముంచినట్టుంటుంది. నిరుడు ఒక దిండు సరిపోయేది. వానలు వెనకపట్టే వేళకి రెండయ్యాయి. ఇప్పుడు మూడు పెట్టుకుని దాదాపు కూర్చునే నిద్రపోతోంది. కళ్ళజోళ్ళ దుకాణంలో పొద్దస్తమానం అద్దాలు అరగదీసి, ఎవరి కంటికి ఏది నప్పుతుందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పే ఆ మనిషికి, పెళ్ళాం వీపు కింద దిళ్ళు పెరగడం కనపడక కాదు. కనపడ్డదాన్ని ఏదో ఒక గొడవలో పెట్టి తప్ప పైకి అనలేడు.

"మీది కాదు తప్పు," అంది చిలకమ్మ. "దిండుదీ కాదు. శుక్రవారంలోగా చెప్పాలి కదా, అదీ."

శుక్రవారంలోగా ఆసుపత్రికి చెప్పాల్సింది, గుండెకి ఏ కవాటం వేయించుకుంటుందో అని.

చిలకమ్మ ఆమె అసలు పేరు కాదు. పెళ్ళయిన కొత్తలో ఆయనే పెట్టాడు. ఒకరు రాసిన మాటలు ఇంకొకరి నోట్లోంచి పలికే ఉద్యోగం కదా అని. తెరమీద పెదవులు ఎవరివో, మాట ఈమెది. ఒకప్పుడు హీరోయిన్ల స్నేహితురాళ్ళకి చెప్పింది, తర్వాత హీరోయిన్లకి చెప్పింది, వయసు పెరిగాక అమ్మలకి చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం వచ్చే ఒక సీరియల్లో నలుగురు కొడుకుల తల్లికి గొంతు ఆమెదే. ఏడుస్తూ, తిడుతూ, గుక్క తిప్పుకోకుండా అరపేజీ డైలాగు లాగెయ్యడంలో ఆమె తర్వాతే ఎవరైనా అని ఆ పనిలో ఉన్నవాళ్ళు చెప్పుకుంటారు. పనిలో వచ్చిన ఆ పేరంటే చిలకమ్మకి నగలకన్నా ఎక్కువ. పైకి ఎప్పుడూ అనదు గానీ, ఎవరైనా అంటే మాత్రం కాస్త ఆగి వింటుంది.

చిన్నతనంలో కీళ్ళనొప్పుల జ్వరం వచ్చి, పోతూ పోతూ గుండెలో కవాటాన్ని పాడుచేసి పోయింది. స్కూల్లో ఉండగానే ఒకసారి పక్కటెముకల మధ్య నుంచి దాన్ని వెడల్పు చేశారు. ఆ మచ్చ రవిక కింద దాగిపోయింది, అందరూ మరిచిపోయారు. కవాటం మాత్రం మరిచిపోలేదు. నలభయ్యేళ్ళలో సున్నం పట్టిన కుళాయిలా తయారైంది. రక్తం ముందుకి పోక వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతోంది.

డాక్టరమ్మ బల్లమీద ప్లాస్టిక్ గుండె ఒకటి ఉండేది. దాన్ని కొబ్బరిచిప్పలా రెండుగా విప్పి చూపిస్తూ నెమ్మదిగా చెప్పింది. దాచి చెప్పే రకం కాదు ఆవిడ.

"రెండు రకాలున్నాయి. ఇనుప కవాటం అంటారు చూడండి, అది వేస్తే మీరున్నంతకాలం ఉంటుంది. కానీ రక్తం పల్చగా ఉండే మాత్ర రోజూ, జీవితాంతం. కూరగాయల కత్తి గీసుకున్నా భయపడాలి. రక్తపరీక్షలకి వస్తూనే ఉండాలి. చప్పుడు కూడా ఉంటుంది, టిక్కు టిక్కుమని. కొందరికి తెలియదు, కొందరికి బాగా తెలుస్తుంది. రెండోది జంతువు పొరతో చేసింది. చప్పుడుండదు, ఆ మాత్రతో మొదట్లో కొన్నాళ్ళే పని. కానీ మీ వయసులో పదేళ్ళు, మహా అయితే పన్నెండు. అరిగిపోయాక మళ్ళీ ఛాతీ తెరవాలి. మీ ఊపిరితిత్తుల మీదున్న ఒత్తిడికి రెండోసారి తట్టుకుంటారని నేను చెప్పలేను."

"ఏదీ వేయించుకోకపోతేనో?" అని అడిగింది చిలకమ్మ.

"మాత్రలతో రెండేళ్ళు, మూడేళ్ళు. అందులో చివరి భాగం మంచంలో."

"వేయించుకుంటే ఆయాసం తగ్గుతుందా?"

డాక్టరమ్మ గుండె బొమ్మని మళ్ళీ మూసింది. "నిరుడు నేను చెప్పినప్పుడు చేయించుకుని ఉంటే ఊపిరితిత్తులు చాలావరకు తేరుకునేవి. ఇప్పుడు వాటిలో గొట్టాలు గట్టిపడిపోయాయి. ఆపరేషన్ చేస్తే ఇక్కడితో ఆగుతుంది. ఇప్పుడున్న ఊపిరి ఇలాగే నిలబడుతుంది. పోయింది మాత్రం తిరిగి రాదమ్మా."

భర్త మొహం వాడిపోయింది. చిలకమ్మ మటుకు లోపల తేలికపడింది. ఇప్పుడున్నది చాలు, అనుకుంది. మెట్లెక్కలేకపోతే మానె, బిందె ఎత్తలేకపోతే మానె. ఈ ఊపిరితోనే కదా నిన్నటిదాకా డైలాగులు చెప్పాను, ఇది నిలబడితే ఇంకేం కావాలి?

నిరుడు ఆపరేషన్ వద్దనడానికి కూడా అదే కారణం. డాక్టరు ఛాతీమీద గొట్టం పెట్టి వింటే, చిలకమ్మ టీవీ పెట్టుకుని వింది. మధ్యాహ్నం సీరియల్ వేళకి వంటిల్లు సర్దేసి కూర్చుని, మాట ఎక్కడైనా తెగుతోందా, గుక్క తిప్పుకోవడం వినబడుతోందా అని చెవులు రిక్కించి చూసేది. ఎక్కడా తెగలేదు. పొడుగాటి వాక్యం మొదలు నుంచి చివరిదాకా దారంలా సాగేది. మైకు ముందు నిలబడి చెప్తున్నప్పుడు మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తున్న మాట నిజమే. కానీ మైక్కి తెలియకుండా దొంగ ఊపిరి తీసుకోవడం ముప్పైయేళ్ళ అలవాటు, దానివల్లే అలా సాగుతోంది అనుకుంది. "గుండె అంత పాడైతే ఈ గొంతు ఎక్కడిదండీ?" అని భర్తని దబాయించింది. ఆయనా విన్నాడు, ఆయనకీ నిజమేననిపించింది. అలా ఏడాది గడిచిపోయింది.

ఇప్పుడు ఆయనకి ఇనుపదే కావాలి. ఆడపడుచు అందుకే పనిగట్టుకుని దిగింది.

"చప్పుడైతే అవనీ చిలకమ్మా," అందావిడ ఆ పొద్దున గొడవ చల్లారాక, పక్కన కూర్చుని. "మా హాస్టల్లో జనరేటర్ పక్కన పడుకుని ఇరవయ్యేళ్ళు చేశాను. చెవిటిదాన్నయ్యానా?"

"మీకు కాదు వదినా, మైక్కి వినబడుతుంది. సూది కింద పడితే పట్టుకుంటుందది."

"మైకు కోసం పదేళ్ళకే చస్తానంటావా?"

"పదేళ్ళు మాట్లాడి చస్తానంటున్నా."

"అదేం ముచ్చట? మాట్లాడకపోతే మనిషి పోతుందా? మా తమ్ముణ్ణి చూడు, పెళ్ళయినప్పట్నుంచీ మాట్లాడలేదు, దుక్కలా ఉన్నాడు."

ఆయన మెడ పట్టేసి ఉన్నందువల్ల ఇటు తిరగలేదు. కూతురు నవ్వింది. బ్యాంకులో చేరి ఏడాదైనా కాలేదు, ఆ వారమంతా సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. నవ్వి, "చప్పుడు నిజంగా మైక్కి వినబడుతుందో లేదో ఎవరికి తెలుసమ్మా? నువ్వనుకుంటున్నావు, అంతేగా," అంది.

ఆ మాట చిలకమ్మకి పట్టుకుంది.

ఆ మర్నాడు రక్తపరీక్షకి వెళ్ళి వరండాలో బెంచీమీద కూర్చున్నప్పుడు ఎక్కడో గడియారం చప్పుడు వినిపించింది. గోడలు చూసింది. గడియారం లేదు. పక్కనున్న పెద్దమనిషి నవ్వాడు.

"గోడల మీద వెతక్కమ్మా. ఇక్కడ," అని ఛాతీ తట్టుకున్నాడు. "చాలామందికి వినబడదు. నీవి పాముచెవులల్లే ఉన్నాయే."

ఆయన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా చేసేవాడట. ఉద్యోగంలో ఉండగానే ఇనుప కవాటం వేశారు.

"అక్కణ్ణుంచి నా పని దెబ్బతింది చెల్లెమ్మా. అంతకుముందు పిల్లిలా ఎక్కి, టికెట్ లేనివాణ్ణి ఇట్టే పట్టుకునేవాణ్ణి. ఇది వేశాక నాకంటే ముందు నా గుండె ఎక్కేది బస్సు."

"ఇబ్బందిగా ఉండదా అన్నయ్యగారూ?"

"మా ఆవిడకి సుఖమే. పక్కమీద మనిషి ఉన్నాడా పోయాడా అని చెయ్యి పెట్టి చూసుకునే పని తప్పింది."

చిలకమ్మ సంగతంతా చెప్పింది. చెప్పి, సంకోచిస్తూనే, ఒకపూట స్టూడియోకి వచ్చి మైకు ముందు కూర్చుంటారా అని అడిగింది. ఆయన చొక్కా సర్దుకుని, "టీవీలో వస్తానా?" అన్నాడు.

"రారు."

"పోనీలే. వస్తాను."

ఇంట్లో ఈ సంగతి తెలిసి ఆడపడుచు బుగ్గన వేలేసుకుంది. "పరాయి మగాడి గుండె చప్పుడు వినడానికి వెంటబెట్టుకుని వెళ్తానంటోంది మీ ఆవిడ. వింటున్నావురా?" ఆయన వినీ విననట్టు దుకాణానికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు మాత్రం, "మెట్లు నెమ్మదిగా ఎక్కు," అన్నాడు.

స్టూడియో మేడమీద ఉంది. చిలకమ్మ మలుపు దగ్గర ఒకసారి, పైన రెండు మెట్లుందనగా ఇంకోసారి కూలబడింది. ఆమెకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన ఇన్‌స్పెక్టరు పైకెళ్ళి, మళ్ళీ ఆమె కోసం కిందికి దిగొచ్చి, చెయ్యిచ్చాడు. ఆయన ఛాతీలోంచి టిక్కు టిక్కుమని నింపాదిగా వినబడుతూనే ఉంది. ఎంత నిలకడగా ఉందో, అనుకుంది చిలకమ్మ కాస్త అసూయగానే.

సౌండ్ ఇంజనీరు ఆమెతో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నవాడు. బక్కపలచని మనిషి, మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. సంగతి విని ముందు నీళ్ళు నమిలాడు. "ఎందుకమ్మా ఇవన్నీ, డాక్టరు ఏది చెప్తే అది చేయించుకోక," అన్నాడు. ఆమె వినకపోయేసరికి ఇన్‌స్పెక్టర్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాడు. నాలుగు గోడలకీ మెత్తటి అట్టలు, తలుపు మందం జానెడు. ఆ తలుపు మూస్తే లోకం చచ్చిపోయినట్టుంటుంది. చిలకమ్మకి ఈ లోకంలో అన్నిటికన్నా ఇష్టమైన నిశ్శబ్దం అదే.

"ఏం మాట్లాడను?" అన్నాడాయన అద్దంలోంచి.

"ఏదైనా."

"టికెట్, టికెట్. లేచి నిలబడండి. ఎక్కడెక్కారు మీరు?"

ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. మాటల వెనక టిక్కు టిక్కుమంటోంది. నోరు మూసుకుంటే సన్నగా, నోరు తెరిచాడంటే డబ్బామూత తీసినట్టు ఖణేల్‌మని. మాట్లాడాలంటే నోరు తెరవాలి, తెరిస్తే వస్తోంది. ఇంజనీరు ఏవో మీటలు తిప్పాడు. చప్పుడు తగ్గింది, దాంతో పాటు మాటలో పదును కూడా పోయింది. పళ్ళు లేని మనిషి మాట్లాడినట్టుంది.

"ఇంతకన్నా తీయలేనమ్మా. తీస్తే మాటని తినేస్తోంది."

చిలకమ్మ తలూపింది. తను అనుకున్నదే నిజమైంది. ఇంటికెళ్ళి చెప్పొచ్చు, ఇక ఎవరూ ఏమీ అనరు. కానీ ఆమె ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. బియ్యంలో రాయి ఏరాక కూడా ఇంకోసారి చేటలో పోసి చూసుకునే రకం.

"మగగొంతు కాబట్టి ఇలా ఉందేమో," అంది. "నా గొంతు మీద ఈ చప్పుడు వేసి వినిపించు. పోయిన వారం చెప్పానే, కొడుకుని గుమ్మంలో నిలబెట్టి కడిగేసే సీను, అది పెట్టు."

"పెడతానమ్మా," అని టీవీకి పంపిన ముక్క తెరిచాడు.

"అది కాదు. అది నువ్వు శుభ్రం చేసేశావుగా. మైకులోంచి వచ్చింది వచ్చినట్టు పెట్టు. రేపు చప్పుడు పడేది అందులోనేగా?"

ఇంజనీరు కదల్లేదు.

"పోయినట్టుందమ్మా అది."

"నువ్వు పారేసే మనిషివా? పదిహేనేళ్ళ కిందటి దగ్గు కూడా దాచావు."

"వద్దమ్మా," అన్నాడు. "ఇంకోటేదైనా పెడతా."

అప్పుడు గుర్తొచ్చింది చిలకమ్మకి. ఒకప్పుడు ప్రతి లైనూ చెప్పగానే తిప్పి వినిపించేవాడు. ఏడాదిగా వినిపించడం లేదు. "ఓకే అమ్మా, బ్రహ్మాండం, తర్వాతది," అంటున్నాడు. తనమీద గురి కుదిరిందని మురిసిపోయింది తను.

"పెట్టు," అంది.

పెట్టాడు.

ముందు అదెవరో తెలియలేదు. ఎవరో ముసలావిడ పరిగెత్తుకొచ్చి మాట్లాడుతోంది. "నువ్వు," అని ఆగి, గాలి పీల్చి, "నా కడుపున," అని ఆగి, మళ్ళీ పీల్చి. ఆ పీల్చడం తను అనుకున్న దొంగ ఊపిరి కానే కాదు. చిరిగిన తిత్తిని లాగినట్టు బొంగురుగా, పొడుగ్గా ఉంది. వాక్యం చివరికొచ్చేసరికి మాట మాయమై గాలి మిగిలింది. కంప్యూటర్ తెరమీద, ఇందాక తెరిచిన టీవీ ముక్కలో, ఆ ఒక్క వాక్యానికీ ఎన్నో కోతలు, పక్కన పేర్చిన ముక్కలు. పాతగుడ్డకి మాసికలు వేసినట్టుంది.

చిలకమ్మ హెడ్‌ఫోన్లు తీయలేదు. చివరిదాకా వింది.

"ఎప్పట్నుంచి?"

"నిరుడు ఎండాకాలం ముందు నుంచమ్మా. మొదట్లో ఒకటీ అరా. ఊపిరి తీసేసి అతికించేవాణ్ణి."

"తర్వాత?"

ఆయన మీటల వైపు చూస్తూ చెప్పాడు. "తర్వాత కొన్ని మాటలు అసలు రావట్లేదు. మీవే పాతవి వెతికి పెట్టాను. పెద్దకొడుకుని ‘తిన్నావా నాన్నా’ అంటారు చూడండి రోజూ, అది మూడేళ్ళ కిందట చెప్పింది. మీ మాటలు నా దగ్గర బోలెడున్నాయమ్మా. ఏడుపులున్నాయి, నవ్వులున్నాయి. పైవాళ్ళకి తెలిస్తే వేరే ఆవిణ్ణి పెట్టేస్తారని చెప్పలేదు. మీరు బాధపడతారని మీకూ చెప్పలేదు. నేను చేసింది మీ మంచికే."

"మంచికే," అంది చిలకమ్మ.

ఆయన పని ఆయన ఎంత బాగా చేశాడంటే, ముప్పైయేళ్ళుగా గొంతులు వింటున్న ఆమె చెవులకే అతుకు తెలియలేదు. ఆ అతుకుల గొంతునే రోజూ మధ్యాహ్నం కూర్చుని వింది. అది విని తనకేం జబ్బు లేదనుకుంది. అది చూపించి డాక్టరమ్మని ఏడాది పాటు కాదంది. ఊపిరితిత్తులు తేరుకునే ఏడాది అదే. ఈ మాట ఇంజనీరుకి చెప్పొచ్చు. చెప్తే ఆయన ఇక జన్మలో నిద్రపోడు. ఆమె చెప్పలేదు. అంత ఊపిరి కూడా లేదు.

లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరు అద్దం మీద తట్టాడు. "ఇంకా మాట్లాడాలా తల్లీ? నా దగ్గర జరిమానా డైలాగులు కూడా ఉన్నాయి."

తిరిగి వస్తుంటే ఆయన ఏమీ అడగలేదు. పదేళ్ళకి పైగా ఆసుపత్రి బెంచీల మీద కూర్చున్న మనిషి, మొహాలు చదవడం వచ్చు. బస్సు స్టాపులో మాత్రం తనంతట తనే అన్నాడు:

"నిజం చెప్పనా చెల్లెమ్మా? బతకడం మటుకు భేషుగ్గా బతుకుతాం. మెట్లెక్కుతాం, అన్నం తింటాం. మొదటి ఏడాది మాత్రం నాకు నిద్రలేదు. చప్పుడవుతున్నందుకు కాదు. అది ఆగుతుందేమో అని వినడం. తర్వాత చెవులు మొద్దుబారాయి, గొడవొదిలింది."

"నా చెవులు మొద్దుబారవు అన్నయ్యగారూ."

ఆయన వస్తున్న బస్సుకి చెయ్యెత్తాడు.

చిలకమ్మ కిటికీ పక్కన కూర్చుని లెక్క మొదట్నుంచి వేసుకుంది. పొర కవాటం వేస్తే ఇప్పుడున్న ఊపిరి పదేళ్ళు నిలబడుతుంది. ఇప్పుడున్న ఊపిరి ఏమిటో ఇందాక చెవులారా వింది. దాన్ని నిలబెట్టుకుని ఏం చేసుకోవాలి? గొంతు కోసం ఏళ్ళు వదులుకుందామనుకుంది, కానీ ఆ బేరంలో తన వైపు పెట్టడానికి గొంతే లేదు. ఇక మిగిలింది ఏళ్ళు. ఏళ్ళు కావాలంటే ఇనుపది. ఆ ఏళ్ళలో ఏం చేస్తుంది? కూతురు బ్యాంకుకి, ఆయన దుకాణానికి వెళ్ళిపోయాక, తలుపు వేసుకున్న ఇంట్లో కూర్చుని తన ఛాతీలో చప్పుడు వింటుంది. మధ్యాహ్నం టీవీలో, ఆమె వెళ్ళినా వెళ్ళకపోయినా, నలుగురు కొడుకుల తల్లి మాట్లాడుతూనే ఉంటుంది. వద్దు, ఏదీ వద్దు అందామా అంటే, చివరి భాగం మంచంలో అంది డాక్టరమ్మ. ఆ మంచం పక్కన కూర్చోబోయేది కూతురు. పిల్ల ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు.

ఎటు తిప్పి చూసినా మంచిదంటూ ఒక్కటీ తేలలేదు. తక్కువ చెడ్డదేదో తేలింది. దిగాల్సిన చోటు దాటిపోయి, పక్క స్టాపు నుంచి వెనక్కి, గోడలు పట్టుకుంటూ నడిచి వచ్చింది.

ఈమధ్య ఆ ఇంట్లో పొద్దుగూకకముందే భోజనాలు. కడుపునిండా తిని వెంటనే ఒరిగితే చిలకమ్మకి ఆయాసం. ఆడపడుచు వడ్డిస్తోంది. కూరలో ఉప్పు లేదు, ఎవరూ అనలేదు.

అందరూ కంచాల ముందు కూర్చున్నాక భర్త గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏదైనా చెప్పబోతే ముందు అలా సవరించుకుంటాడు, సగంసార్లు అక్కడితో ఆగిపోతాడు కూడా. ఈసారి ఆగలేదు.

"మేం ముగ్గురం మాట్లాడుకున్నాం," అన్నాడు.

"నేను మాట్లాడలేదు," అంది ఆడపడుచు. "వీళ్ళిద్దరూ కలిసి నా నోరు మూయించారు. అది వేరే."

"అత్తా, ఉండు," అంది కూతురు. "అమ్మా, నువ్వు చెప్పిందే కరెక్టు. నీ గుండె, నీ గొంతు. పొరతో చేసిందే వేయించుకో. పదేళ్ళలో కొత్త పద్ధతులు ఏవో వస్తాయి. రాకపోయినా... అదేదో అప్పుడు చూసుకుందాం."

"దుకాణం పెట్టిన కొత్తలో నీ గొంతు మీదే ఇల్లు నడిచింది," అన్నాడాయన కంచం వైపు చూస్తూ. "ఇప్పుడు దాన్ని తీసెయ్యమని నేనెలా అంటాను? అనకూడదు. నిన్నటిదాకా అన్నాను. తప్పు. నువ్వెలా అంటే అలా."

ఇంత పొడుగు మాట ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. చిలకమ్మ ఆయన్ని చూసింది. పాపం ఎంతసేపు కూడబలుక్కున్నాడో. నిన్న ఈ మాట అని ఉంటే కాళ్ళు కళ్ళకద్దుకునేది. కలిపిన ముద్ద వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"స్టూడియోలో ఏమైంది చిలకమ్మా, వచ్చినప్పట్నుంచీ నోరు మెదపవు?" అంది ఆడపడుచు. "చప్పుడు వినబడిందా?"

"వినబడింది వదినా. బాగా వినబడింది."

"విన్నావా నాన్నా!" అంది కూతురు తండ్రితో. "చూశావా, అమ్మ చెప్పింది నిజమే. ఇంక ఆలోచించేదేం లేదు. పొరదే."

"ఇనుపదే," అంది చిలకమ్మ.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"ఇనుపదే వేయించుకుంటాను."

ఆయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గ్లాసు వెనక ఆ మొహం ఎంత వెలిగిందో చిలకమ్మకి కనబడనే కనబడింది. ఆడపడుచు చేతిలో గరిటె కూరగిన్నెలో పడేసి, "బంగారు తల్లివే, నాకు తెలుసు నువ్వు దారికొస్తావని," అంటూ ఎంగిలి చేత్తోనే ఆమె వీపు నిమరబోయి, మణికట్టుతో నిమిరింది. కూతురు ఒక్కతే తినడం ఆపి తల్లినే చూస్తోంది.

"ఎందుకమ్మా? ఏం జరిగింది?"

"ఏం జరగలేదు. నాలుగేళ్ళు ఎక్కువ ఉండొచ్చు కదా అనిపించింది."

"మరి నీ పని?" అన్నాడాయన, గ్లాసు దించి. సంతోషం గొంతులో తెలియకుండా ఉండాలని తెగ తంటాలు పడుతున్నాడు.

చిలకమ్మ ముద్ద కంచంలో వదిలేసింది. చెప్పాల్సింది రెండు ముక్కలే. దానికే ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఎవరూ గమనించలేదు.

"మానేస్తున్నాను," అంది. "పొద్దున్నే ఆసుపత్రికి ఫోన్ చేసి... ఇనుపదే వెయ్యమని చెప్పండి."